బోర్డు మీద కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిపోయే మరొకటి గుర్తించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోవేవ్ ఓవెన్, వాషింగ్ మెషిన్, స్టెబిలైజర్, ఆంప్లిఫయర్, మోటార్ టైమర్ లాంటి చాలా పరికరాల బోర్డు మీద 230 వోల్టుల కరెంటును 9, 12, 15 వోల్టులకు దించే ఒక చిన్న ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది కాలినప్పుడు దాని మీది స్టిక్కర్ కూడా మాడిపోతుంది. మాడకపోయినా కంపెనీ సొంత నంబరు తప్ప ఇంకేమీ రాసి ఉండదు. సర్వీసు సెంటర్‌లో అడిగితే "స్పేర్ రాదు, బోర్డు మొత్తం మార్చాలి" అంటారు. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కోసం వేల రూపాయల బోర్డు పారేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ చెప్పలేకపోయినా, అది కరెంటు ఇచ్చిన బోర్డు అన్నీ చెబుతుంది. దాన్ని చదవడం గురించే ఈ పేజీ.

ముందుగా ఒక హెచ్చరిక. మైక్రోవేవ్ ఓవెన్ లోపల కంట్రోల్ బోర్డు మీది చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేరు, కింద ఉండే బరువైన హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు. ఆ పెద్దది సుమారు 2000 వోల్టులు ఇస్తుంది. దాని పక్కనున్న కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉండొచ్చు. దాన్ని డిస్‌చార్జి చేయడం రాకపోతే ఆ పెట్టె తెరవొద్దు. ఇక్కడ చెప్పేదంతా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గురించే.

నిజంగా ట్రాన్స్‌ఫార్మరే పోయిందని ఎలా తెలుసుకోవాలి?

ప్లగ్ తీసేసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, 230 వోల్టులు వచ్చే రెండు కాళ్ల మధ్య చూడండి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ప్రైమరీకి, అంటే ఆ 230 వైపు తీగ చుట్టకు (వైండింగ్‌కు), కొన్ని వందల ఓమ్స్ చూపించాలి. మరీ చిన్నవైతే వేలల్లో ఉంటుంది. తక్కువ వోల్టులిచ్చే రెండో వైండింగ్ సెకండరీ, దానికి కొన్ని ఓమ్స్ మాత్రమే ఉంటాయి. ప్రైమరీ అసలేమీ చూపించకపోతే ఓపెన్ అయినట్టు, అంటే లోపల దారి తెగినట్టు.

ఓమ్స్ సరిగ్గా చూపించినా కొన్నిసార్లు లోపల నాలుగైదు చుట్లు ఒకదానికొకటి అంటుకుని షార్ట్ అయి ఉంటాయి. మీటరు దాన్ని పట్టలేదు. అలాంటి అనుమానం ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను బోర్డు నుంచి ఊడదీసి, సెకండరీకి ఏమీ కలపకుండా, ప్రైమరీకి సిరీస్‌లో ఒక బల్బు పెట్టి కరెంటు ఇవ్వాలి. ఇక్కడ చాలామంది అలవాటుగా 60 లేదా 100 వాట్ల బల్బు పెడతారు. 3 వీఏ (వోల్టులను ఆంప్స్‌తో హెచ్చిస్తే వచ్చే సామర్థ్యం) ట్రాన్స్‌ఫార్మర్‌కు అది మరీ పెద్దది. లోపల షార్ట్ ఉన్నా బల్బు వెలగదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కాలిపోతుంది. పాతకాలపు ఫిలమెంట్ జీరో బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ జీరో బల్బు పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ మంచిదైతే బల్బు దాదాపు వెలగదు. వెలిగినా, ఏ లోడూ లేకుండానే ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కినా లోపల షార్ట్ ఉన్నట్టే.

ప్రైమరీ ఓపెన్ అయింది, కానీ కాలిన వాసన లేదు, రంగు మారలేదు. ఎందుకు?

అయితే లోపలి థర్మల్ ఫ్యూజు పోయి ఉండే అవకాశం ఎక్కువ. ప్రైమరీ వైండింగ్ మీద చుట్టిన టేపు కింద, బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్ద భాగం ఒకటి ఉంటుంది. దాని మీద 115, 125, 130 లాంటి డిగ్రీల అంకె ఉంటుంది. వేడి అంతకు మించితే అది ఒక్కసారే తెగుతుంది, మళ్లీ కలవదు.

టేపు జాగ్రత్తగా విప్పి ఆ ఫ్యూజు రెండు చివర్ల అవతల ఓమ్స్ చూడండి. వైండింగ్ బాగానే ఉంటే మీకు పెద్ద అదృష్టమే. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్లీ వాడకపోయినా, దాని వోల్టేజ్ ఎంతో కొలిచి తెలుసుకోవచ్చు. ఎలాగో కింద చెబుతాను.

ఫ్యూజును తీగతో కలిపేసి అలాగే నడపడం మాత్రం వద్దు. రిపేరు షాపుల్లో ఇది రోజూ జరుగుతుంది, కస్టమర్‌కు చెప్పరు కూడా. ఆ ఫ్యూజు తెగిందంటే లోపల 115 డిగ్రీలు దాటిందని అర్థం. అలా ఎందుకు వేడెక్కిందో ఇంకా తెలియదు. మళ్లీ వేడెక్కితే ఈసారి ఆపేది ఏమీ ఉండదు, పక్కనున్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. అదే డిగ్రీల కొత్త థర్మల్ ఫ్యూజు వేయొచ్చు. కానీ సోల్డర్ చేసేటప్పుడు ఐరన్ వేడికే అది తెగిపోతుంది కాబట్టి ఫ్యూజుకు, ఐరన్‌కు మధ్య కాలిని శ్రావణంతో పట్టుకుని వేడిని లాగేయాలి.

బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ లాంటివి రెండు మూడున్నాయి. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

పక్కన ప్రింటు చేసిన అక్షరాలు కొంత చెబుతాయి. టి1 అని ఉంటే ట్రాన్స్‌ఫార్మర్. ఎల్ఎఫ్ అని ఉంటే లైన్ ఫిల్టరు చోక్. నాలుగు కాళ్లున్నా అది వోల్టేజ్ దించదు. దాని రెండు వైండింగ్‌లూ ఒకే రకంగా, ఓమ్‌కు అటూఇటూగా చూపిస్తాయి. టీఆర్ అని ఉంటే నమ్మకండి, కొన్ని బోర్డుల్లో ట్రాన్సిస్టర్‌కు కూడా అలాగే రాస్తారు. మధ్యలోంచి లావుపాటి వైరు దూరి వెళ్తుంటే అది కరెంటు కొలిచే సీటీ.

అసలు ముఖ్యమైన తేడా కోర్‌లో ఉంది. పలచని ఇనుప రేకులు దొంతరగా కనిపిస్తే అది 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్. ఈ పేజీలో చెప్పేవన్నీ దానికి వర్తిస్తాయి. నల్లగా, గట్టిగా, పెంకులా పగిలే కోర్ మీద పసుపు టేపు చుట్టి ఉంటే అది ఎస్ఎంపీఎస్ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజ్ దించే సప్లై) ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్. దాని సంగతి వేరే ప్రశ్నలో.

స్టిక్కర్ లేదు. సెకండరీ ఎన్ని వోల్టులో ఎలా కనుక్కోవాలి?

సెకండరీ కాళ్ల నుంచి ట్రాక్ పట్టుకుని వెళ్లండి. ముందు నాలుగు డయోడ్లు లేదా ఒక బ్రిడ్జి వస్తుంది. తర్వాత పెద్ద కెపాసిటర్, ఆ తర్వాత రెగ్యులేటర్ ఐసీ (వోల్టేజ్‌ను స్థిరంగా ఉంచేది), రిలేలు (కాయిల్‌తో పనిచేసే స్విచ్‌లు). ఒక్కోదాన్నీ ఒక సాక్షిగా తీసుకోవాలి.

కెపాసిటర్ పై హద్దు చెబుతుంది. దాని మీద 25 వోల్టులు అని ఉంటే, తయారుచేసినవాళ్లు అక్కడ మామూలుగా 12 నుంచి 18 వోల్టుల డీసీ ఊహించారని అర్థం. 16 అని ఉంటే ఇంకా తక్కువ, 35 అని ఉంటే ఇంకా ఎక్కువ.

రెగ్యులేటర్ కింది హద్దు చెబుతుంది. 5 వోల్టులిచ్చే 7805కు కనీసం 7 వోల్టులు లోపలికి రావాలి. 12 ఇచ్చే 7812కు 14కు పైనే కావాలి. 7824 కనిపిస్తే 26 దాటాలి. ఈ అంకెలు కెపాసిటర్ మీది అలలు కిందికి దిగినప్పుడు కూడా నిలవాలి.

రిలే మీద రాసిన కాయిల్ వోల్టేజ్ ఇంకా మంచి సాక్షి. 12 వోల్టుల రిలేలు రెగ్యులేటర్‌కు ముందే, నేరుగా కెపాసిటర్ నుంచి నడుస్తుంటే, అక్కడ లోడు మీద 12 వోల్టుల చుట్టుపక్కలే ఉండాలి.

ఇప్పుడు డీసీ నుంచి ఏసీకి లెక్క. బ్రిడ్జి ఉంటే, ఏసీ వోల్టేజ్‌ను 1.414తో హెచ్చించి 1.4 తీసేస్తే కెపాసిటర్ మీద వచ్చే డీసీ. 9 వోల్టుల ఏసీ ఇస్తే 11.3 వస్తుంది. 12 ఇస్తే 15.6, 15 ఇస్తే 19.8. అంటే 12 వోల్టుల రిలేలు నేరుగా నడిచే బోర్డుకు 9 లేదా 10 వోల్టుల సెకండరీ కావాలి. 12 వోల్టుల రిలే చూసి 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కొనేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు. రిలేలకు 16 దాకా వెళ్లి కాయిల్ వేడెక్కుతుంది, కొన్నాళ్లకు పోతుంది.

మన కరెంటు ఎప్పుడూ 230 దగ్గర ఉండదు కాబట్టి రెండు చివర్లా లెక్క వేయాలి. మోటార్లు నడిచే వేళ పల్లెలో 170కి పడిపోయిందనుకోండి. 9 వోల్టుల సెకండరీ 6.65కు దిగుతుంది, డీసీ 8 వోల్టులు. 7805కు ఇంకా చాలు. అదే 7812 ఉన్న బోర్డుకు 12 వోల్టుల సెకండరీ వేస్తే, మెయిన్ 190కి దిగగానే డీసీ 12.6కు పడుతుంది, రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. దానికి 15 వోల్టులది కావాలి.

పైకి వెళ్లినప్పుడు కూడా చూడాలి. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసిన దానికన్నా 20 నుంచి 40 శాతం ఎక్కువ ఇస్తాయి. 12 వోల్టులది మెయిన్ 270 ఉన్నప్పుడు 14 ఇస్తుంది. లోడు లేకపోతే 17 దాటుతుంది, డీసీ 23 కూడా దాటొచ్చు. 25 వోల్టుల కెపాసిటర్‌కు అది మరీ అంచు. అలాంటప్పుడు కెపాసిటర్‌ను 35 వోల్టులదిగా మార్చేయండి, ఖర్చు కొన్ని రూపాయలే.

సెకండరీకి మూడు కాళ్లున్నాయి. అది 12-0-12 అవునా?

కాళ్ల మధ్య ఓమ్స్ చూడండి. మధ్య కాలి నుంచి రెండు చివర్లకూ సమానంగా, చివర నుంచి చివరకు రెట్టింపుగా ఉంటే సెంటర్ ట్యాపే (వైండింగ్ సరిగ్గా సగం దగ్గర తీసిన కాలు). తర్వాత డయోడ్లు లెక్కపెట్టండి. రెండే డయోడ్లుండి మధ్య కాలు గ్రౌండుకు వెళ్తే, ఒక్కో సగం వోల్టేజే లెక్క, అందులోంచి తీసేయాల్సింది 0.7 మాత్రమే. నాలుగు డయోడ్లుండి మధ్య కాలు గ్రౌండైతే ప్లస్, మైనస్ రెండూ తయారవుతున్నాయి. ఆంప్లిఫయర్లలో ఇది మామూలు. సగాలు సమానంగా లేకపోతే అవి వేరు వేరు వోల్టేజ్‌లు.

ఎన్ని ఆంప్స్ ది కొనాలి?

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి ఒకటే, బోర్డునే అడగడం. పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను పూర్తిగా ఊడదీయండి. మెయిన్ ప్లగ్ ఎక్కడా తగిలించకుండా, వేరియబుల్ డీసీ సప్లైని పెద్ద కెపాసిటర్ ప్లస్, మైనస్‌లకు కలపండి. కరెంటు లిమిట్ 100 మిల్లీఆంప్స్‌లో పెట్టి, 5 వోల్టుల నుంచి నెమ్మదిగా పెంచుతూ రెగ్యులేటర్ వోల్టేజ్ బయటికి ఇచ్చే కాలి దగ్గర చూస్తూ ఉండండి. అది సరిగ్గా 5 దగ్గర నిలిచి, డిస్‌ప్లే వెలిగి, బటన్లు పనిచేస్తే బోర్డు బతికే ఉందన్నమాట. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొనడానికి ముందే ఈ సంగతి తెలియడం ఎంత మేలో చెప్పక్కర్లేదు. పెంచిన వెంటనే కరెంటు లిమిట్‌కు కొట్టుకుంటే బోర్డులో షార్ట్ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చింది అదే కావచ్చు.

బోర్డు నడిచాక లిమిట్ పెంచి, రిలేలన్నీ ఆన్ అయ్యేలా చేసి, అప్పుడు ఎన్ని మిల్లీఆంప్స్ లాగుతోందో రాసుకోండి.

ఒక చిక్కుంది. వాషింగ్ మెషిన్, కొన్ని మైక్రోవేవ్ బోర్డులు మెయిన్ అల సున్నా దాటే క్షణాన్ని సెకండరీ నుంచే పసిగడతాయి. డీసీ మీద నడిపితే వాటికి ఆ సంకేతం అందదు, ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. అప్పుడు డీసీ బదులు, చేతిలో ఉన్న ఏదైనా 9 వోల్టుల మంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను వైర్లతో సెకండరీ కాళ్ల దగ్గర కలిపి చూడాలి.

సప్లై లేకపోతే లెక్కతో సరిపెట్టుకోవచ్చు. బోర్డుల మీద కనిపించే చిన్న చదరపు 12 వోల్టుల రిలే కాయిల్ సుమారు 400 ఓమ్స్ ఉంటుంది, అంటే 30 మిల్లీఆంప్స్. మూడు రిలేలకు 90. మైక్రోకంట్రోలర్, ఎల్‌ఈడీ డిస్‌ప్లేకు కలిపి 60 వేసుకుంటే మొత్తం 150 మిల్లీఆంప్స్ డీసీ. ఇక్కడితో ఆగొద్దు. బ్రిడ్జి, కెపాసిటర్ ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు చిన్న చిన్న దెబ్బలుగా పోతుంది. అందువల్ల ఏసీ వైపు కరెంటు డీసీకి 1.6 నుంచి 1.8 రెట్లు ఉంటుంది. 150ని 1.8తో హెచ్చిస్తే 270 మిల్లీఆంప్స్. 9 వోల్టుల సెకండరీ అయితే 2.4 వీఏ. 3 వీఏది కొనొచ్చు, స్థలం ఉంటే 5 వీఏ ఇంకా మేలు.

ఎక్కువ ఆంప్స్ ఉన్నది వేస్తే బోర్డు కాలిపోతుందా అని చాలామందికి టెన్షన్. కాలదు. బోర్డు తనకు కావాల్సిందే లాక్కుంటుంది. వోల్టేజ్ మాత్రం సరిపోవాలి.

కోర్ సైజు చూసి వీఏ చెప్పొచ్చా?

దగ్గరగా చెప్పొచ్చు. ఈఐ-30, ఈఐ-42, ఈఐ-48 అనే పేర్లలోని అంకె కోర్ పొడవైన అంచు మిల్లీమీటర్లలో ఎంతో చెబుతుంది. మధ్య కాలు వెడల్పు అందులో మూడో వంతు. ఈఐ-30 రేకుల దొంతర 15.5 మి.మీ. ఉంటే కోర్ వైశాల్యం 1.55 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1.15తో భాగించి వర్గం చేస్తే 1.8 వస్తుంది, నిజంగానే అవి 2 వీఏగా అమ్ముడవుతాయి. ఈఐ-42, ఈఐ-48లకు ఈ సూత్రం తక్కువ చూపిస్తుంది. ఈఐ-42 మామూలుగా 5 వీఏ, ఈఐ-48 10 వీఏ దగ్గర ఉంటాయి. పాతదాని కోర్ సైజే కొత్తదానికీ ఉంటే వీఏ విషయంలో పెద్దగా తప్పిపోరు.

వైండింగ్ మంచిగానే ఉంది, ఫ్యూజు మాత్రమే పోయింది. వోల్టేజ్ ఎలా కొలవాలి?

థర్మల్ ఫ్యూజును దాటి ప్రైమరీ రెండు చివర్లకు, మరో మంచి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 12 వోల్టుల ఏసీ ఇవ్వండి. 230 అక్కర్లేదు. సెకండరీలో 0.63 వోల్టులు వచ్చాయనుకోండి. 12ను 0.63తో భాగిస్తే 19. 230ని 19తో భాగిస్తే 12.1. ఇది లోడు లేని వోల్టేజ్ కాబట్టి, రాసిన రేటింగ్ 9 లేదా 10 అయి ఉంటుంది. బోర్డు చదివి మీరు వేసిన లెక్కతో ఇది కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

ప్రైమరీ పూర్తిగా పోయినా, రెండు మూడు సెకండరీలుంటే వాటిమధ్య నిష్పత్తి కనుక్కోవచ్చు. బాగున్న ఒక సెకండరీకి 2 లేదా 3 వోల్టుల ఏసీ ఇచ్చి మిగతావాటిలో ఎంత వస్తోందో చూడాలి. ప్రైమరీ కాళ్లను చేత్తో ముట్టుకోవద్దు. లోపల కొంత వైండింగ్ ఇంకా కలిసే ఉంటే అక్కడ చాలా ఎక్కువ వోల్టేజ్ పుడుతుంది.

పాత మైక్రోవేవ్‌లో ఆకుపచ్చ డిస్‌ప్లే ఉంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆరేడు కాళ్లున్నాయి. ఏం చేయాలి?

నీలి ఆకుపచ్చ రంగులో మెరిసే ఆ గాజు డిస్‌ప్లేని వీఎఫ్‌డీ అంటారు. దానికి లోపల సన్నని ఫిలమెంట్ ఉంటుంది. దానికి కొద్ది వోల్టుల ఏసీ వేరే వైండింగ్ నుంచి రావాలి. దాంతో పాటు సుమారు మైనస్ 25 నుంచి 30 వోల్టుల డీసీ కూడా కావాలి. మామూలు 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే బటన్ నొక్కితే బీప్ వస్తుంది, డిస్‌ప్లే మాత్రం చీకటి.

మార్కెట్లో ఇలాంటి కలయిక రెడీమేడ్‌గా దొరకడం కష్టం. మంచి దారి, అదే కుటుంబానికి చెందిన పాత బోర్డు స్క్రాప్‌లో వెతకడం. ఒకే కంపెనీ అనేక మోడళ్లకు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ వాడుతుంది. బోర్డు మీది పార్టు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు, ఓవెన్ మోడల్ నంబరు, మూడింటితోనూ సర్వీసు మాన్యువల్ వెతకండి. సర్క్యూట్ బొమ్మ దొరికితే అందులో ఒక్కో వైండింగ్ వోల్టేజ్ రాసి ఉంటుంది. అదీ లేకపోతే పైన చెప్పినట్టు సెకండరీల నిష్పత్తి కొలిచి రీవైండింగ్‌కు ఇవ్వాలి.

అమెరికా నుంచి తెచ్చిన వస్తువును నేరుగా ప్లగ్‌లో పెట్టగానే కాలిపోయింది. 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే చాలా?

పిల్లలు అక్కడుండే ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. అక్కడి మెయిన్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఆ ప్రైమరీకి 230 ఇస్తే కోర్ నిండిపోయి, కరెంటు విపరీతంగా లాగి, క్షణాల్లో మాడుతుంది.

పరికరం మొత్తం ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడుస్తుంటే, ఉదాహరణకు చిన్న ఆంప్లిఫయరో, కీబోర్డో అయితే, సెకండరీ అదే వోల్టేజ్ ఉన్న 230 ప్రైమరీ ట్రాన్స్‌ఫార్మర్ వేసి, ఫ్యూజు, మెయిన్ దగ్గరి ఎంవోవీ (వోల్టేజ్ మితిమీరితే అడ్డుకునే బిళ్ల), కెపాసిటర్లు కూడా 230కి తగినవి వేస్తే ఇక్కడ శాశ్వతంగా వాడుకోవచ్చు. అందులో హీటరో, మోటారో మెయిన్ నుంచి నేరుగా నడుస్తుంటే మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ మార్చి లాభం లేదు. 120 వోల్టుల హీటరుకు 230 ఇస్తే దాదాపు నాలుగింతల పవర్ లాగుతుంది. అలాంటివాటికి 120 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరే వేసి, బయట సరిపడా వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి. అప్పుడు కూడా గడియారం మెయిన్ హెర్ట్జ్‌ను లెక్కపెట్టే రకమైతే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది.

ప్రైమరీలో 0-115, 0-115 అని రెండు వైండింగ్‌లున్నవి దొరికితే అవి ఇంకా మంచివి. ఇక్కడ సిరీస్‌లో కలపాలి. ఒకదాని చివర రెండోదాని మొదటికి రావాలి. తిరగేసి కలిపితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కాలిపోతాయి. మొదటిసారి సిరీస్ బల్బు మీదే చూడండి.

షాపులో ఏమని అడగాలి?

"230 ప్రైమరీ, 0-9 సెకండరీ, 500 మిల్లీఆంప్స్, బోర్డు మౌంటింగ్" అని చెప్పండి. పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు లాంటి చోట్ల పెట్టెల్లో వెతికే ఓపిక ఉంటే చాలావరకు దొరుకుతుంది. వెళ్లే ముందు వెర్నియర్‌తో కాళ్ల మధ్య దూరం, రెండు వరసల మధ్య దూరం, ఎత్తు కొలిచి రాసుకోండి. కాళ్ల దూరం సాధారణంగా 5 మి.మీ. చొప్పున ఉంటుంది. ఎత్తు మర్చిపోతే మూత పట్టదు.

మంచి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐఈసీ 61558 అనీ, టీఏ 40 బి లాంటి గుర్తూ ఉంటాయి. చుట్టూ గాలి 40 డిగ్రీల వరకు ఉన్నా పర్వాలేదని, ఇన్సులేషన్ 130 డిగ్రీలు తట్టుకునే బి క్లాసు అని దానర్థం. మన వేసవికి, అందులోనూ వేడెక్కే పెట్టె లోపలికి, టీఏ 70 ఉన్నది దొరికితే అదే తీసుకోండి. ఏ రాతా లేని తేలికపాటివి చవగ్గా వస్తాయి. తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రంలో (బాబిన్‌లో) ప్రైమరీకి, సెకండరీకి మధ్య ప్లాస్టిక్ గోడ లేనిదాన్ని మాత్రం ఎంత చవకైనా తీసుకోకండి. బటన్ ప్యానెల్ మీద మీ పిల్లల వేలికి, 230 వోల్టులకు మధ్య ఉన్నది ఆ ఇన్సులేషన్ ఒక్కటే.

వోల్టేజ్ సరిపోయింది, కాళ్లు సరిపోలేదు.

బోర్డుకు కొత్త రంధ్రాలు వేయకండి. ట్రాన్స్‌ఫార్మర్‌ను పెట్టె లోపల ఖాళీ చోట స్క్రూలతో బిగించి, స్లీవ్ వేసిన వైర్లతో బోర్డుకు కలపండి. ప్రైమరీ వైర్లు, సెకండరీ వైర్లు ఒకే కట్టగా కట్టొద్దు. బోర్డు మీద ప్రైమరీ ట్రాక్‌కు, సెకండరీ ట్రాక్‌కు మధ్య కనీసం 6 మి.మీ. ఖాళీ మిగిలేలా చూసుకోండి.

రీవైండింగ్ చేయించొచ్చా?

చేయించొచ్చు, ప్రతి ఊళ్లోనూ మోటారు వైండింగ్ షాపు ఉంటుంది. పాత సెకండరీ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి, తీగ మందం కొలిపించండి. 28 గేజి తీగ 0.376 మి.మీ. ఉంటుంది, దాని మీద 0.3 ఆంప్స్ నిశ్చింతగా నడుస్తాయి. 5 వీఏ లోపు ట్రాన్స్‌ఫార్మర్ల ప్రైమరీ తీగ వెంట్రుకంత సన్నగా, వేల చుట్లు ఉంటుంది. చాలా షాపులు దాన్ని చేయడానికి ఇష్టపడవు. చేసినా మధ్య గోడ తీసేసి పొరల మీద పొరలు చుట్టేస్తే ముప్పే. పని అయ్యాక 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ప్రైమరీకి సెకండరీకి మధ్య, ప్రైమరీకి కోర్‌కు మధ్య పరీక్ష చేసి చూపించమనండి. పదుల మెగా ఓమ్స్‌కు తగ్గితే వాడొద్దు.

పసుపు టేపు చుట్టిన ఫెరైట్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే?

అదే సైజులో ఇంకోటి తెచ్చి వేయడం పనికిరాదు. ఈఈ-19, ఈఈ-25 అని కోర్ ఒకటే అయినా, చుట్లు, కోర్ మధ్య గాలి సందు, సహాయక వైండింగ్ దిశ ప్రతి బోర్డుకూ మారతాయి. సందు తేడా వచ్చినా స్విచింగ్ ఐసీ ఢాం అంటుంది. పైగా అవి తక్కువగా పోతాయి. ఎస్ఎంపీఎస్ ఆగిందంటే ముందు ఐసీ, స్టార్టప్ రెసిస్టర్, ఉబ్బిన కెపాసిటర్, సెకండరీ డయోడ్ చూడండి.

ట్రాన్స్‌ఫార్మర్ బదులు చిన్న ఎస్ఎంపీఎస్ మాడ్యూల్ పెట్టొచ్చా?

చాలా బోర్డుల్లో పెట్టొచ్చు. హై-లింక్ పీఎం12 లాంటి 12 వోల్టుల, 3 వాట్ల మాడ్యూల్‌ను నేరుగా పెద్ద కెపాసిటర్‌కు కలిపితే రిలేలూ, 7805 రెండూ నడుస్తాయి. వోల్టేజ్ ఎగుడుదిగుళ్లు ఉన్నచోట ఇది ట్రాన్స్‌ఫార్మర్ కన్నా నిలకడగా ఉంటుంది. 7812 ఉన్న బోర్డులో మాత్రం 12 వోల్టులు దానికి చాలవు. ఆ ఐసీని తీసేసి నేరుగా కలపాలి. సెకండరీ ఏసీ నుంచి సంకేతం తీసుకునే బోర్డులకు, వీఎఫ్‌డీ ఉన్నవాటికి ఈ దారి పనికిరాదు. మాడ్యూల్ ముందు ఫ్యూజు, ఎంవోవీ వేయడం మరవకండి.

అసలు ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు కాలింది? కొత్తదీ కాలదా?

కారణం వదిలేస్తే కాలుతుంది. మన దగ్గర పెద్ద కారణం న్యూట్రల్ తెగడం. వీధి స్తంభం దగ్గర న్యూట్రల్ పోతే ఇంట్లోకి 230 బదులు 400 దాకా రావొచ్చు. అప్పుడు బోర్డు మీది గుండ్రటి బిళ్ల లాంటి ఎంవోవీ పగిలిపోయి ఉంటుంది. అది సాధారణంగా 14డి471కె, 300 వోల్టుల ఏసీ వరకు తట్టుకునేది. దాన్నీ, ఫ్యూజునూ తప్పకుండా అవే రేటింగ్‌వి వేయండి.

ఎంవోవీ బాగుండి ట్రాన్స్‌ఫార్మర్ నెమ్మదిగా మాడి ఉంటే తప్పు సెకండరీ వైపు ఉంది. బ్రిడ్జిలో ఒక డయోడ్ షార్ట్ అయిందా, కెపాసిటర్ షార్ట్ అయిందా, రెగ్యులేటర్ పోయిందా చూడాలి. బొద్దింకలు, చీమలు, బల్లులు చేరి కాళ్ల మధ్య షార్ట్ చేయడం కూడా మామూలే.

బోర్డు నల్లగా మాడిన చోటు బాగు చేయకుండా కొత్తది పెట్టకండి. మాడిన బొగ్గు కరెంటును పోనిస్తుంది. శుభ్రమైన పదార్థం కనిపించేదాకా గీకి తీయాలి. గోధుమరంగు బోర్డుల్లో మాడు లోతుగా పోతుంది, అవసరమైతే ఆ ముక్కనే కోసేసి వైర్లతో కలపాలి.

కొత్తది వేశాక మొదటిసారి ఎలా ఆన్ చేయాలి?

హీటరు, మోటారు కనెక్టర్లు ఊడదీసి, బోర్డుకు ఒక్కదానికే సిరీస్‌లో 15 లేదా 25 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోవాలి. కెపాసిటర్ దగ్గర డీసీ, రెగ్యులేటర్ దగ్గర 5 వోల్టులు చూడండి. మీ లెక్కకు దగ్గరగా ఉంటే బల్బు తీసి నేరుగా కలిపి, రిలేలన్నీ ఆన్ చేసి మళ్లీ కొలవండి. అప్పుడు డీసీ బాగా పడిపోతే ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైంది.

ఒక గంట నడవనిచ్చి, ప్లగ్ తీసి, కోర్ మీద వేలు పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే, చురుక్కుమన్నా కొన్ని క్షణాలు ఉంచగలిగితే పర్వాలేదు. వేలు పెట్టిన వెంటనే తీసేయాల్సి వస్తే 5 వీఏ బదులు 10 వీఏది తెచ్చి, పెట్టెలో పక్కకు బిగించండి.